గింజకు పట్టని నీళ్ళు

ఆషాఢం, సోమవారం. పగటి పాళీ

మూడో గది షెల్ఫు డైరీ. రాస్తున్నది బంగారి. యాభై మాటలకు తక్కువ రాస్తే సాయంత్రం ఈ గది తలుపు తెరుచుకోదు. ఎక్కువ రాస్తే చదివే నాథుడు లేడు. కాబట్టి ఇవాళ కడుపులో ఉన్నదంతా రాసేస్తాను. తలుపుకు చెప్పుకున్నట్టు ఉంటుంది.

పొద్దున్నే గింజలన్నింటికీ గంజి మార్చాను. గంజి అంటే పోషక ద్రవం. ఆ పెద్ద పేరు సీసా మీదే ఉంటుంది, మా నోట్లో మాత్రం గంజే. గింజ అంటే సూక్ష్మ కాలేయం. మనిషి చర్మం నుంచి చుక్కంత తీసుకుని, ఆ కణాలను బుజ్జగించి కాలేయంగా పెంచుతాం. పెసరగింజంత అవుతుంది. పైత్యరసం ఊరుస్తుంది, విషాన్ని విరుస్తుంది, కాలేయం చేయాల్సిన పనులన్నీ చేస్తుంది. మనిషికొక గింజ, గింజకొక గాజు అర, అర మీద ఒక దీపం. తెల్లగా వెలిగితే ఆ మనిషి బాగున్నట్టు. పసుపైతే అనుమానం. ఎర్రబడితే ఎవరూ పిలవకుండానే ఆస్పత్రి బండి ఆ మనిషి గుమ్మం ముందుకు వెళ్తుంది.

గెడ్డపాలెం వరసంతా తెల్లగా ఉంది. మా అప్ప పైడమ్మ (అక్కను మేం అప్ప అంటాం) గింజ కూడా ముత్యంలా వెలుగుతోంది. అప్ప కళ్ళే పసుపు ముద్దల్లా ఉన్నాయి.

నిన్న అప్పను ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కౌంటర్లో కూర్చున్న పిల్ల తెర మీద గింజను చూసింది, అప్పను చూడలేదు. మీ గింజ చాలా బాగుందమ్మా, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి అంది. తెర కాదు తల్లీ, మనిషిని చూడు అన్నాను. మనిషిని చూడడం తన పని కాదట. పక్కన ఇంకో గదికి పంపింది. అక్కడ ఒకాయన అప్పకు మనసు బాగుండటానికి శ్వాస ఎలా పీల్చాలో నేర్పాడు. అప్ప రాత్రింబవళ్ళు ఒళ్ళు గీరుకుని గీరుకుని చేతుల నిండా రక్కులు చేసుకుంటే, శ్వాస పీల్చమంటాడు! నా ఒళ్ళు మండిపోయింది. అప్పే నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది, లేకపోతే నిన్న ఏదో ఒకటి అయిపోయేది.

ఆషాఢం, బుధవారం. పగటి పాళీ

గంజి మార్చాను. గొట్టాలు కడిగాను. దీపాలన్నీ తెలుపే.

అసలు ఈ గింజలంటే నాకు ఎంత గర్వమో ఈ డైరీ పాత పేజీలు చూస్తే తెలుస్తుంది. మా గెడ్డపాలెం వాళ్ళ మీద ఒకప్పుడు కొత్త మందులు పరీక్షించేవారు. మా తాత అలా మింగిన బిళ్ళతోనే పోయాడు. అప్పుడు మా ఆడవాళ్ళంతా రోడ్డెక్కి, మా ఒళ్ళు మీ ప్రయోగాలకు కాదని కూర్చున్నారు. ఆ పోరు వల్లే ఈ గింజల శాల వచ్చింది. ముందు మందు గింజకు వేస్తాం. గింజ తట్టుకుంటేనే మనిషికి ఇస్తాం. గింజ కందిపోతే ఆ మందు ఆ మనిషి దగ్గరికి రాదు. ఇందులో వంక పెట్టేది ఏమీ లేదు. ఈ పని కోసమే నేను చదువుకున్నాను.

తర్వాత ఎప్పుడో శాలనూ ఆస్పత్రినీ నడిపే మండలి వాళ్ళకు ఇంకో బుద్ధి పుట్టింది. గింజ ఉండగా మనిషి రక్తం తీయడమెందుకు, పొట్టలో సూదులు గుచ్చడమెందుకు అన్నారు. గింజ బాగుంటే మనిషి బాగున్నట్టే అని రాసుకున్నారు. అందరం చప్పట్లు కొట్టాం. సూదులంటే ఎవరికి ఇష్టం?

మా వాళ్ళు గింజను పసిబిడ్డలా చూస్తారు. బిడ్డ పురుడు రోజున చర్మపు చుక్క ఇచ్చి వెళ్తారు. అరలో దీపం మొదటిసారి వెలిగిన నాడు తల్లి, అమ్మమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్ళు కలిసి ఇంటి నుంచి గ్లాసుతో నీళ్ళు తెస్తారు. అందులో తులసాకు వేస్తారు. మా బిడ్డ తాగే నీళ్ళు మా గింజకూ పట్టండి అంటారు. ఏటా శ్రావణంలో గింజల పండగ నాడు పాలెమంతా మళ్ళీ గ్లాసులతో వస్తుంది. మేం రెండు చేతులా అందుకుంటాం. లోపలికి తెచ్చి వెనక గదిలో సింకులో పారబోస్తాం. ఆ సింకు పైన బోర్డు కూడా ఉంది: ఇంటి నీళ్ళు ఇక్కడ.

గింజలు తాగేది మూడుసార్లు శుద్ధి చేసిన నీళ్ళతో కలిపిన గంజి. మా వాళ్ళు తాగేది గెడ్డ అనే మా వాగు ఒడ్డున బోరు నీళ్ళు. ఎగువన రసాయనాల పీపాలు కడిగే షెడ్లు వచ్చినప్పటి నుంచి ఆ నీళ్ళు గోళ్ళరంగు తుడిచే మందు వాసన కొడుతున్నాయి. నీళ్ళు పరీక్షించే వాళ్ళు వస్తారు, ఉప్పు చూస్తారు, పురుగులు చూస్తారు, వెళ్ళిపోతారు. ద్రావకాల సంగతి అడిగితే, ఏమైనా ఉంటే మీ గింజలే చెబుతాయి కదా అంటారు.

ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నాకు నవ్వొస్తోంది. మంచి నవ్వు కాదు.

ఆషాఢం, శుక్రవారం. పగటి పాళీ

ఇవాళ డైరెక్టర్ కౌముదిగారి గదికి వెళ్ళాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించింది, టీ తెప్పించింది. అప్ప సంగతంతా విన్నది. అప్ప ఫొటో కూడా చూసింది. చూసి ఊరుకోకుండా, కామెర్లు బాగా ముదిరాయి అని పైకే అంది.

మరి గింజ తెల్లగా ఎందుకుందండీ అని అడిగాను.

"గింజకు గతం ఉండదు బంగారీ. కణాలను వెనక్కి తిప్పి పెంచుతాం కదా. ఆవిడకు ఎంత వయసొచ్చినా గింజ మాత్రం నిన్న పుట్టిన బిడ్డ కాలేయమే."

"ఇది మీకు ముందే తెలుసా?"

"ఈ పనిలో ఉన్నవాళ్ళకు అందరికీ తెలుసు. నీకు తెలీదా?"

తెలుసు. చదువుకున్నాను. మందు పరీక్షకు అదే కావాలి కూడా. కానీ అదే గింజను చూపించి మనిషికి జబ్బు లేదని ఇంటికి పంపుతారని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆ మాటే అన్నాను. అది మండలి నిర్ణయం, మన శాఖ కాదు అందావిడ. అప్పకు ఒక్కసారి రక్తం తీసి చూడమని రాసివ్వండి అంటే, గింజ తెల్లగా ఉన్న మనిషికి సూది గుచ్చితే డాక్టరు ఉద్యోగం పోతుంది, నేనెలా రాస్తాను అంది. టీ చల్లారిపోతోంది తాగమంది.

తాగలేదు. మనిషి కళ్ళెదుట పసుపు తేలి చచ్చిపోతుంటే, మన శాఖ కాదట! ఇంత మర్యాదగా మాట్లాడే నోటి నుంచి అంత మాట ఎలా వచ్చిందా అని ఇప్పటికీ పళ్ళు నూరుకుంటున్నాను.

ఆషాఢం, ఆదివారం

ఇవాళ నాకు పాళీ లేదు. అయినా వచ్చాను. ఎందుకో రాస్తాను.

పొద్దున అప్ప ఇంటికి వెళ్ళాను. కాళ్ళు వాచిపోయి మంచం మీద ఉంది. పక్కింటి అసిరమ్మ పిన్ని గంజి కాచి తెచ్చి తాగిస్తోంది, నిజం గంజి. అప్పకు రెండు గుక్కలు కూడా దిగలేదు. కౌముదిగారు అన్నదంతా చెప్పాను. అప్ప కళ్ళు మూసుకునే విన్నది.

"నా గింజ ఎప్పుడైనా మన నీళ్ళు తాగిందేటే?"

"నేదప్పా."

"మరి దానికి నా సంగతేటి తెలుస్తాది? తాగనీ."

తాగితే గింజ చచ్చిపోవచ్చని చెప్పాను. చస్తే కొత్తది పెంచడానికి కార్తీకం దాటుతుందని, గింజ లేని మనిషికి అప్పటిదాకా ఏ మందూ ఇవ్వరని కూడా చెప్పాను.

"ఇప్పుడేటి ఇత్తన్నారు?" అంది అప్ప.

అసిరమ్మ పిన్ని లేచి బిందెలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి నా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ తులసాకు కూడా వేసింది.

ఇప్పుడు శాలలో ఉన్నాను. నీళ్ళు మరగబెట్టలేదు. మరిగితే ఆ ద్రావకం ఆవిరై పోతుంది. పురుగులేవీ లేకుండా సన్న ఫిల్టరులో వడకట్టాను. తర్వాత ఎవరూ అది పురుగుల పని అనకూడదు. ఆ నీళ్ళతోనే గంజి కలిపి అప్ప అరలోకి వదిలాను. నాతో పనిచేసే రజియా కూడా ఇవాళ వచ్చింది. నేను చేసేది చూసింది. నాకోసం రెండో ఫిల్టరు తెచ్చి పెట్టింది.

శ్రావణం, మంగళవారం. పగటి పాళీ

రోజూ అవే నీళ్ళు పడుతున్నాను. మొన్న పైత్యరసం తగ్గింది. నిన్న దీపం పసుపైంది. ఇవాళ పాళీ మొదలైన కాసేపటికి ఎర్రబడింది.

నేను ఎగిరి గంతేశాను. గింజ జబ్బు పడితే గంతేసిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. గంట తిరక్కుండా అసిరమ్మ పిన్ని ఫోను చేసింది. బండి గుమ్మం ముందుకు వచ్చిందట, అప్పను మర్యాదగా ఎక్కించుకుని వెళ్ళారట. సాయంత్రానికి మంచం ఇచ్చారు, సూది ఇచ్చారు, ఒంటికి దురద తగ్గే మందు కూడా ఇచ్చారు. అదే కళ్ళు, అదే కాళ్ళు, అదే మనిషి! దీపం రంగు మారేసరికి అందరికీ ఆవిడ కనపడింది.

శ్రావణం, గురువారం. పగటి పాళీ

కౌముదిగారు పిలిచారు. టీ లేదు.

గొట్టాల రికార్డు చూశారు. అప్ప గింజకు బయటి నీళ్ళు పట్టినట్టు తెలిసిపోయింది. అడిగితే దాచలేదు. ఎందుకు పట్టానో కూడా చెప్పాను. ఆ నీళ్ళలో ఏముందో చూడండి, గింజ పాడైన తీరూ అప్ప ఒళ్ళు పాడైన తీరూ ఒకటే, పక్కపక్కన పెట్టి చూడండి అన్నాను. బతిమాలాను కూడా. నాకు బతిమాలడం చేతకాదు, అయినా బతిమాలాను.

"కలుషితమైన గింజ మాటకు విలువ లేదు. దాన్ని తీసేయాలి. ఆవిడ చర్మపు చుక్క దాచే ఉంది కదా, కొత్తది పెంచుదాం" అంది.

"అప్పటిదాకా మా అప్ప?"

గింజ లేని మనిషికి మంచం ఉండదు, ఆ సంగతి నాకూ తెలుసు. రేపు ఇంటికి పంపేస్తారు.

తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, నా మంచికే చెబుతున్నానంటూ ఒక మాట చెప్పింది. నీళ్ళు పొరపాటున పడ్డాయని డైరీలో రాస్తే ఉద్యోగం నిలుస్తుందట. మండలి కూడా అంతకు మించి తవ్వదట. అక్కడే డైరీ కాగితం చింపి మొహాన కొట్టాలనిపించింది. కానీ ఉద్యోగం పోతే ఈ గది తలుపు నాకు మళ్ళీ తెరుచుకోదు. అప్ప కోసం నేను చేయగలిగింది ఏదైనా ఉంటే ఈ గదిలోనే ఉంది.

కాబట్టి రాస్తున్నాను. పదహారో అర గింజలోకి బయటి నీళ్ళు పొరపాటున పడ్డాయి.

రాసిన చేతిని కడుక్కున్నాను. అప్ప గింజను నా చేత్తోనే తీసి పారేశాను. అరలో దీపం ఆరిపోయింది. బయటికి వెళ్ళి గోడను గుద్దితే వేళ్ళు వాచాయి. రజియా కట్టు కట్టింది, తిట్టింది కూడా.

శ్రావణం, గింజల పండగ. పగటి పాళీ

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

అప్ప ఇంటికొచ్చి పడుకుని ఉంది. నిన్నటి నుంచి మాట తడబడుతోంది, నన్ను అమ్మా అని పిలిచింది. పొట్ట ఉబ్బింది. కార్తీకం దాకా ఆగే మనిషి కాదు.

పండగ రోజునే కౌముదిగారు మండలి సమావేశానికి పట్నం వెళ్ళారు. సందర్శకుల గది గాజుగోడ అవతల గెడ్డపాలెం ఆడవాళ్ళంతా గ్లాసులతో నిలబడ్డారు. జరీ చీరలు, తలలో పువ్వులు. ముందు అసిరమ్మ పిన్ని ఉంది. గోడకున్న చిన్న కిటికీలోంచి నేను రెండు చేతులూ చాచాను. ఆవిడ గ్లాసు ఇవ్వలేదు.

"బంగారీ, ఈ నీళ్ళు నువ్వెక్కడ పోత్తావే?"

నాకు అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఎనక సింకులో పిన్నీ."

"ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ."

వెనక ఉన్న ఆడవాళ్ళలో గుసగుస లేచింది. ఒకావిడ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. వాళ్ళమ్మ పోయేముందు కూడా గ్లాసు పట్టుకుని వచ్చింది. తిట్టనిచ్చాను. అసిరమ్మ పిన్ని మాత్రం తిట్టలేదు, ఆలోచించింది. ఒక్క గింజ ఎర్రబడితే పారేశారు కదా, అందరివీ ఎర్రబడితే ఏం చేస్తారని అడిగింది. నాకు తెలిసిన నియమం చెప్పాను. ఒక్కటి పాడైతే శాల వాళ్ళే తేల్చుకోవచ్చు. వరసకు వరస పాడైతే ఒక్క గింజను కూడా ముట్టుకోకూడదు. బయటి నుంచి మనుషులు వచ్చి గింజనూ, మనిషినీ, మనిషి తాగే నీళ్ళనూ కలిపి చూడాలి. ఈలోగా మంచం తీసేయడానికి వీల్లేదు.

"అయితే ఇయ్యాల గింజకే పొయ్యి. నా కళ్ళ ముందర పొయ్యి."

"నీ బీపీ బిళ్ళలు కూడా ఆగిపోవచ్చు పిన్నీ. గింజ చచ్చిపోతే కొత్తది వచ్చేదాకా ఏ మందూ ఇవ్వరు."

"పైడమ్మకి ఆగిపోనేదేటి? పొయ్యి."

గ్లాసు ఇచ్చింది. వెనక ఉన్నావిడ కూడా గ్లాసు ముందుకు చాచింది. ఆ వెనక ఆవిడ కూడా. నేను ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పాను, గింజ పోతే ఏమవుతుందో మొదటి నుంచి చెప్పాను. ఇద్దరు గ్లాసులు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. పిల్లల గింజలకు కూడా పోయమని తల్లులు అడిగారు. నేను పోయలేదు. అడిగి అడిగి ఊరుకున్నారు.

రజియా వడకట్టింది, నేను పోశాను. గాజుగోడ అవతల ఎవరి గింజకు పోస్తుంటే వాళ్ళు ముందుకొచ్చి నిలబడ్డారు. అప్ప విషయంలోలా రోజుల కొద్దీ ఆగే తీరిక లేదు. అందుకే నీళ్ళలో ఉన్నది గింజలో పేరుకునేలా ఆపకుండా తిప్పి తిప్పి పట్టాను. ఈ సంగతి కూడా రాస్తున్నాను. చూసేవాళ్ళు చూడాలి కదా.

శ్రావణం, పండగ తర్వాత రోజు. పగటి పాళీ

నీళ్ళు పోసిన అరలన్నీ ఎరుపు.

ఆస్పత్రి బండ్లు కూతలు పెట్టుకుంటూ గెడ్డపాలెం దిగాయి. ఎర్రదీపం ఉన్న ప్రతి ఇంటి ముందూ ఒక బండి ఆగింది. తలంటుకున్న ఆడవాళ్ళు, కూర తరుగుతున్న ఆడవాళ్ళు, ఏ నొప్పీ లేకుండా నవ్వుతున్న ఆడవాళ్ళు, వాళ్ళందరి కోసం బండ్లు! అప్ప గుమ్మం ముందు ఏ బండీ ఆగలేదు. పాలెం మొత్తంలో ఇప్పటికి నిజంగా కాలేయం కుళ్ళిపోయిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడకే గింజ లేదు.

బండి తలుపు దగ్గర అసిరమ్మ పిన్ని ఏం చేసిందో రజియా చూసి వచ్చి చెప్పింది. బండి వాళ్ళు అసిరమ్మ ఎవరని అడిగారట. పిన్ని పక్కనే అప్ప ఇంట్లోకి వెళ్ళి, నలుగురితో కలిసి అప్పను మంచంతో సహా మోసుకొచ్చింది.

"ఇదే అసిరమ్మ. బేగి తీసికెల్లండి."

వాళ్ళు తెర చూశారు. మనిషిని చూడలేదు. ఈ ఒక్కసారికి వాళ్ళ అలవాటు పనికొచ్చింది. పిన్ని తన గింజనూ, పేరునూ, మంచాన్నీ ఇచ్చేసి ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించుకుంది.

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి డాక్టరు శాలకు ఫోను చేశాడు. కుర్రవాడి గొంతు. అసిరమ్మగారి గింజ ఏం చెబుతోందో ఆవిడ ఒళ్ళూ అదే చెబుతోందన్నాడు. రక్తం తీసి చూశాడట. రెండూ ఇలా అచ్చంగా కలవడం తన ఉద్యోగంలో మొదటిసారట. ఆవిడ తాగే నీళ్ళు వెంటనే పంపమన్నాడు. గ్లాసుడు మిగిలి ఉంటే ఇచ్చి పంపాను. అప్ప బతుకుతుందా అని అడగాలి, కానీ పేరు బయటపడుతుంది. అసిరమ్మగారు బతుకుతారా అని అడిగాను. ఇంకో వారం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి, ఇప్పుడు చేయగలిగింది ఉందన్నాడు. ఫోను పెట్టేసి, చాలాసేపు గోడకు ఆనుకుని ఏడ్చాను. నాకు ఏడుపు కూడా కోపంగానే వస్తుంది.

సాయంత్రం కౌముదిగారు వచ్చారు. బయటి పరీక్షకులు రేపు వస్తున్నారు. ఎర్రవరస ముందు ఆవిడ నిలబడి, ఇక నా ఉద్యోగం గురించి తన చేతిలో ఏమీ లేదంది. అయినా డైరీలో మళ్ళీ పొరపాటని రాసి ఉంచితే కేసు దాకా పోకుండా ఉంటుందంది. నా భుజం మీద చెయ్యి వేసింది. తీసేశాను.

వెళ్ళే ముందు వెనక సింకు పైన ఉన్న బోర్డు ఊడదీసి ఈ డైరీ పక్కన పెట్టాను. రేపు వచ్చేవాళ్ళకు కనపడాలి.

మూడో గది, గెడ్డపాలెం వరస. బయటి నీళ్ళు. ఈసారి పొరపాటు కాదు. ఆసారి కూడా కాదు.